కుమారి గాబ్రియేలు

నాలుగు గంటలకు శవాన్ని గుడికి తీసుకుపోవాలి. రెండు దాటింది, రవికకు ఇంకా చేతులు ఎక్కలేదు. కృపమణి తెల్ల గుడ్డను మిషను పాదం కిందికి తోసి చక్రం తిప్పింది. మిషను ఆమెది కాదు, అక్క ఎస్తేరుది. అక్క ముందు గదిలో, అద్దం మూత ఉన్న చల్లపెట్టెలో పడుకొని ఉంది. నిన్న సాయంత్రం ప్రాణం పోయింది. కర్నూలు నుంచి తెల్ల పట్టుచీర తెచ్చారు గానీ దాని మీదికి అక్క పాత రవికలు ఒక్కటీ పనికిరాలేదు. ఏడాదిలో మనిషి సగమైపోయింది, ఏది తొడిగినా భుజం మీంచి జారిపోతుంది. "చిన్నమ్మా, నువ్వే కుట్టల్ల. బయట యెవరికో ఇస్తే అమ్మ ఒప్పుకోదు," అంది అక్క కూతురు స్తుతి, ఒప్పుకోవడానికో కాదనడానికో అమ్మ ఇంకా ఇంట్లో తిరుగుతున్నట్టే. తర్వాత గొంతు తగ్గించి, "మెడ మూసి కుట్టు. ఆ బొక్క కనపడకూడదు," అంది. కడప నుంచి పొద్దున బయలుదేరి ఓర్వకల్లులో దిగిన కృపమణి కాళ్లయినా కడుక్కోకుండా టేపు అందుకుంది. పెట్టె మూత తీశారు. ఛాతీ ఇరవై ఎనిమిది. పెళ్లికి ముందు ముప్పై నాలుగు, ఆ అంకె ఆమెకు ఇంకా గుర్తే. మెడ చుట్టూ టేపు తిప్పినప్పుడు గొంతు మధ్య ఆపరేషను చేసిన చోట వేలు పల్లంలోకి దిగింది. చల్లగా ఉంది. కృపమణి చెయ్యి వెనక్కి తీసుకుని, కొలత మరిచిపోయి, మళ్లీ తీసింది.

దారం తెగింది. ఈ మిషనుకు దారం బిగుతు తెలియడం లేదు, పరాయి మిషను పరాయి మనిషిలాంటిదే, దాని కోపతాపాలు తెలిసేలోపు పని అయిపోతుంది. అమ్మ మిషను అయితే కళ్లు మూసుకుని ఎక్కించేది. మంగంపేటలో వసారా చివర, గోడకు ఆనించి ఉండేది అమ్మ మిషను, వెలుతురు ఎడమ వైపు నుంచి పడేలాగ. ముగ్గురాయి గనిలో పని చేసి సాయంత్రం నాయన ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి, అమ్మ ఆయన్ని కుట్టిన బట్టల దగ్గరికి రానిచ్చేది కాదు, ముందు తొట్టి దగ్గరికి పో అనేది. ఆ నాయన ఒక రోజు నెత్తిన ఎర్రటి పెట్టె పెట్టుకుని వచ్చాడు. గనిలో ఆఫీసరు ఒకాయన బదిలీ అయిపోతూ ఇచ్చిపోయిన రికార్డు పెట్టె. మూత తీస్తే లోపల గుండ్రటి పళ్లెం, వంకర చెయ్యి, ఆ చేతికి చివర ముల్లు. దానితో పాటు అయిదు ప్లేట్లు, నాలుగు ఇంగ్లీషువి, ఒకటి ఏ భాషో ఎవరికీ తెలియనిది. ఆ తెలియని భాష పాటనే అందరూ ఎక్కువ విన్నారు. పాట పెడితే అమ్మ మిషను ఆపేది, ఆ చప్పుడులో పాట వినపడదు గనుక. కుట్టవలసిన బట్ట ఎంత తొందరదైనా సరే, క్రిస్మస్ ముందు వారంలో కూడా, పాట అయ్యేదాకా పాదం కింద గుడ్డ అలాగే ఉండిపోయేది, అమ్మ రెండు చేతులూ దాని మీద పెట్టుకొని కూర్చునేది, ఎక్కడికైనా పోతుందేమో అని పట్టుకున్నట్టు. ముల్లుకు పట్టిన ధూళిని మెత్తటి కుంచెతో తుడవడం తన పని. ప్లేటుతో పాటు గొంతు కలపడం అక్క పని. అక్క పాడుతుంటే తనూ వెనక వెనక పాడేది. మణిది గూడా మంచి గొంతే, దానికి ఓపిక లేదంతే, అనేది అమ్మ. మంచి గొంతే. ఆ మాట అన్నవాళ్లు ప్రపంచంలో అమ్మ ఒక్కతే.

"అమ్మా, ఇంగా కాలేదా?" ఆరాధన గుమ్మంలో నిలబడింది, చేతిలో ఫోను. కృపమణికి ఒక్కతే కూతురు, ఏడుపుతో కళ్లు ఉబ్బి ఉన్నాయి, అయినా పనులన్నీ తనే చూస్తోంది, కుర్చీలు, నీళ్ల క్యాన్లు, స్పీకరు. "చెక్కపెట్టెలోకి మార్చినాక, మూత వేసేముందు, నీ పాట పెట్టిస్తాండా. గుడి అయ్యగారికి చెప్పినా, పెదనాయనకు చెప్పినా. పెద్దమ్మకు ఆఖరున నువ్వు పాడినట్టు ఉంటాది."

"వద్దులే ఆరాధనా."

"ఎందుకొద్దు? నీకిప్పుడు గొంతు రాదు, ప్లేటులో అయినా ఉండాది కదా. నువ్వు ఊరికే సిగ్గుపడతావు." కూతురు వచ్చి తల మీద చెయ్యి వేసి, నిమిరి, వెళ్లిపోయింది.

కృపమణి కాళ్లు తొక్కడం ఆపేశాయి. వాకిట్లో ఎవరో కుర్చీలు ఒకదాన్నుంచి ఒకటి లాగుతున్నారు. ఎత్తున విమానం ఒకటి దిగుతూ పోయింది. నీ పాట. ఇప్పుడు గట్టిగా వద్దంటే పెట్టరు, నా గుండె తట్టుకోలేదు అంటే చాలు, అందరూ సరే అంటారు, అయ్యో పాపం అక్కాచెల్లెళ్లు అంటారు, పాట ఫోనులోనే ఉండిపోతుంది, సాయంత్రం అక్కను మట్టిలో పెట్టేసి రాత్రి బస్సుకు కడపకు వెళ్లిపోవచ్చు. ముప్పై ఏడేళ్లు ఎలా గడిచాయో అలాగే మిగతావి కూడా గడుస్తాయి. చెయ్యి భుజం కుట్టు మీద గుడ్డను సర్దుతోంది, దానికి ఇవేవీ పట్టవు, అంచుకు అంచు కలిపి, అర అంగుళం వదిలి, చంక దగ్గర కొంచెం వంపు ఇచ్చి.

అక్కకు పదిహేడు, తనకు పదమూడు. కడపలో మూడు రోజుల ప్రార్థన కూటాలు. రెండో రోజు సాయంత్రం అక్క తాత కట్టిన కీర్తన పాడింది. తాత ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి, ఆయన కట్టిన పాటలు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఎండిన చెరువులా ఉన్నానయ్యా అని మొదలవుతుంది, మూడే చరణాలు. కూటాలకు మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఆ పాట విని, నాయన పేరు రాసుకొని పోయింది. రెండు నెలలకు జాబు వచ్చింది, అక్కను తీసుకొని నాయన మద్రాసు పోయాడు. ఆ ప్రయాణానికి అమ్మ రెండు రాత్రులు కూర్చుని నీలం రంగు గుడ్డతో రవిక కుట్టింది, చేతులకు చిన్న కుచ్చులు పెట్టి. అదే గుడ్డలో మిగిలిన ముక్కతో తనకేమైనా కుట్టమంటే, నువ్వేం పాడబోతావా అంది అమ్మ, నవ్వుతూనే అంది. తిరిగొచ్చి అక్క చెప్పినవి ఎన్నో, గోడలకు దుప్పట్లు కట్టిన గది, దగ్గు వస్తే ఆపి మళ్లీ మొదటి నుంచి పాడమన్నారని, తలుపు బయట నాయన రెండు గంటలు నిలబడే ఉన్నాడని. ఆ తర్వాత నాలుగు నెలలకు అట్టపెట్టెలో రెండు చిన్న ప్లేట్లు వచ్చాయి. మధ్యలో గుండ్రటి పచ్చ కాగితం, దాని మీద తెలుగులో అచ్చు. కుమారి గాబ్రియేలు, మంగంపేట. అంతే. అక్క పేరు రాయలేదు, నాయన పేరే రాశారు. నాయన ఆ కాగితాన్ని చూసుకుని చూసుకుని మురిసిపోయాడు. ఒక ప్లేటు గుడికిచ్చారు, అది అక్కడే ఎవరి చేతిలోనో పగిలిపోయింది. ఇంకొకటి ఇంట్లో ఉంది.

గాబ్రియేలుకు ఇద్దరు కూతుళ్లు గదా.

చేయి ఎక్కింది. రెండోది తిప్పి పెట్టింది. అక్క పెళ్లి ఓర్వకల్లులో పంతులుద్యోగం చేసే వసంతకుమార్‌తో అయింది. పెళ్లిమాటల్లోనే అత్తగారు ఖచ్చితంగా చెప్పేసింది, ప్లేట్లలో పాడే పిల్ల అని మా ఊర్లో ఎవరికీ, మా వాడికి కూడా తెలియకూడదు, గుడిలో అందరితో పాటు పాడితే చాలు అని. అక్క తలవూపింది. పోయే రోజు ప్లేటును పాత దుప్పటిలో చుట్టి తన చేతికిచ్చింది. "నీ కాడ ఉంచుకో మణీ. ఆడికి తీసకపోతే మా అత్త పొయ్యిలో పెడతాది. యెప్పుడన్నా వచ్చినప్పుడు ఇంటాలే." అప్పుడు తనకు ఏడుపు వచ్చిందా, సంతోషం వచ్చిందా. రెండూ వచ్చాయి. ఆ రాత్రి నుంచి అమ్మ మిషను తనకు దక్కింది, ఎర్ర పెట్టె తనకు దక్కింది, అక్క గొంతు కూడా.

తర్వాత నాలుగేళ్లకు తన పెళ్లి. కడపలో బస్సుల డిపోలో మెకానిక్కు శామ్. మంచి మనిషి, మెత్తటి మనిషి, చేతి గీతల్లో ఎప్పుడూ నల్లటి గ్రీజు ఉండేది. మొదటి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఎర్ర పెట్టె తెరిచి ప్లేట్లు ఒక్కొక్కటే చూశాడు. ఆ చిన్న ప్లేటు పెట్టాడు. పాట మొత్తం విని, ప్లేటు తీసి పచ్చ కాగితం చదివి, తలెత్తి తన వైపు చూశాడు. ఆ చూపు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ తనని అలా చూడలేదు, పుట్టినప్పటి నుంచి ఎవరూ చూడలేదు. "ఇది నువ్వేనా?" అన్నాడు. తను అవునని అనలేదు. ఈ మాట తను ఎన్ని వందల సార్లు చెప్పుకుందో. అవునని అనలేదు, తల దించుకుంది, నవ్వింది, అంతే. కాదు అని ఒక్క మాట అనడానికి ఎంత సేపు పడుతుంది, సూదిలో దారం ఎక్కించినంత సేపు కూడా పట్టదు. రేపు చెబుదాంలే అనుకుంది. మరుసటి ఆదివారానికి గుడిలో అందరికీ తెలిసిపోయింది, శామ్ భార్య ప్లేట్లలో పాడిందంట. పాడమన్నారు. టైఫాయిడు వచ్చి గొంతు పోయింది అంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు, నాలుక చివర ఎప్పటి నుంచో కూర్చుని ఉన్నట్టు వచ్చింది. ఆ రోజు నుంచి గుడిలో పాట ఎత్తుకుంటే పెదాలు కదిపేది, చప్పుడు బయటికి రానిచ్చేది కాదు. ఇంట్లో బియ్యం ఏరుతూ కూడా కూనిరాగం తీయలేదు, బిడ్డను జోకొట్టడానికి కూడా. ఉన్న ఆ మామూలు గొంతు, అమ్మ మంచిదే అన్న గొంతు, ఏమైపోయిందో. అబద్ధం చెప్పిన తర్వాత అది నిజంగానే పోయింది.

సూది వేలి పక్కగా దిగింది, గోరు అంచున. రక్తం చుక్క. తెల్ల గుడ్డ మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుంది.

అక్కకు తెలుసు. అదీ అసలు సంగతి, దాని చుట్టూ తిరిగి తిరిగి మనసు ఎప్పుడూ అక్కడికే వచ్చి పడుతుంది. ఆరాధన పుట్టినప్పుడు అక్క చూడ్డానికి కడపకు వచ్చింది. పసిబిడ్డకు టోపీ కుడుతూ చాప మీద కూర్చుంది. శామ్ ఉత్సాహంగా ఎర్ర పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. "మీ చెల్లెలు పాట యెప్పుడన్నా ఇన్యారా వదినా?" అన్నాడు. తను మంచం మీద బిడ్డతో ఉంది, లేచి పరుగెత్తడానికి కాళ్లు లేవు. ముల్లు ప్లేటు మీద దిగింది. చిటపటల తర్వాత అక్క గొంతు గదంతా నిండింది, పదిహేడేళ్ల గొంతు. అక్క చేతిలో సూది ఆగింది, అమ్మ మిషను ఆగినట్టు. పాట అయిపోయేదాకా తల ఎత్తలేదు. ఎత్తి శామ్‌ను చూసి, "ఇన్యా. బాగా పాడతాది మా మణి," అంది. తన వైపు చూడలేదు. టోపీ కుట్టడం పూర్తి చేసి, దారం పళ్లతో తెంపి, బిడ్డ తలకు పెట్టి చూసింది. ఆ తర్వాత ముప్పై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. పండగలకు కలిశారు, చావులకు కలిశారు, శామ్ పోయినప్పుడు అక్క పది రోజులు తన పక్కనే పడుకుంది, అప్పుడు కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే, జుట్టు పట్టుకుని ఉంటే, ఎప్పుడో తీరిపోయేది.

పోయిన ఏడు అక్క గొంతు కోసేశారు. పుండు ముదిరింది, మాట పెట్టెతో సహా తీసేయాలన్నారు. మూడు నెలలకు కాస్త తేరుకుని స్తుతితో కలిసి కడపకు వచ్చింది, మెడకు మెత్తటి గుడ్డ కట్టుకుని. మధ్యాహ్నం ఇద్దరే ఉన్నప్పుడు సంచిలోంచి నోటుపుస్తకం తీసి రాసింది. ఆ ప్లేటు ఒక్కసారి ఇనిపిస్తావా. అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా. పక్కగదిలో ఆరాధన ఉంది. ఆరాధన అప్పటికే పాటను ఫోనులోకి ఎక్కించి కడప గుడిలో వాళ్లందరికీ పంపింది, మా అమ్మ చిన్నప్పటి పాట అని. ఇప్పుడు ప్లేటు బయటికి తీస్తే, అక్క అది వింటూ ఏడిస్తే, ఆరాధన వచ్చి ఎందుకు పెద్దమ్మా అంటే. కృపమణి నోరు తెరిచింది. "అది నీళ్లలో పోయిందక్కా. ఆ వానల్లో ఇంట్లోకి నీళ్లొచ్చినాయి కదా, అప్పుడు." బీరువాలో, మూడు గజాల దూరంలో, అదే పాత దుప్పటిలో ఉంది ప్లేటు. అక్క చాలాసేపు తన ముఖంలోకి చూసింది. తర్వాత పెన్ను తీసుకొని సరేలే అని రాసి, నోటుపుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. మాట లేని మనిషి ఆఖరిసారి తన గొంతు తను వింటానంటే. సరేలే. చివరి రెండక్షరాల మీద దీర్ఘాలు కూడా సరిగ్గా పెట్టింది.

రవిక అయింది. మెడ పట్టీ రెండు వేళ్ల ఎత్తున లేచింది. వీపు మూయకుండా వదిలి బొందులు, మెడ పట్టీకి ఒక హుక్కు పెట్టింది, తొడగడం తేలికని. ఎప్పుడు అయిందో ఆమెకు తెలియలేదు. దారాలు కత్తిరించి, విదిలించి, చేతి మీద వేసుకుని ముందు గదిలోకి వెళ్లింది. మగవాళ్లను బయటికి పంపి తలుపు మూశారు. పక్కింటి హులిగెమ్మ, స్తుతి, తను. ముగ్గురూ కలిసి తడిగుడ్డతో ఒళ్లు తుడిచారు, రవిక ముందు నుంచి తొడిగారు. చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి, హులిగెమ్మ మోచేయి మెల్లగా వంచి పట్టుకుంది. కొలత సరిపోయింది. ఎక్కడా ముడత లేదు. స్తుతి మెడ దగ్గర హుక్కు పెడుతోంది.

"స్తుతీ, ఆరాధన పెడతానంటాండే పాట, అది నాది కాదు."

"యే పాట చిన్నమ్మా?"

"ప్లేటులో పాట. మీ అమ్మ పాడింది. పెండ్లికి ముందు, మద్రాసులో. నేను పాడలేదు. నాదని చెప్పుకున్నా."

స్తుతి వేళ్లు హుక్కు మీదే ఉన్నాయి. "అమ్మ పాడతాదా?" అంది, ఎక్కడో దూరంగా ఉన్న ఎవరి గురించో అడిగినట్టు. తర్వాత హుక్కు పెట్టడం ముగించి, చేతులు వెనక్కి తీసుకుంది. "కడపకు వచ్చినప్పుడు నిన్ను అడిగింది ఆ ప్లేటేనా? ఇంటికొచ్చినాక రాసి చూపిచ్చింది, నీళ్లలో పోయిందంట అని. యేం పోయిందమ్మా అంటే చెయ్యి ఊపింది, యేం లేదులే అని."

"నీళ్లలో పోలేదు. బీరువాలోనే ఉండాది."

హులిగెమ్మ ఇద్దరినీ చూసి, చీర అంచు పట్టుకుని కుచ్చిళ్లు సర్దడం మొదలుపెట్టింది. స్తుతి గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఏడవలేదు. అమ్మ పాదాల వైపు చూసింది. కృపమణి నిలబడే ఉంది, చేతిలో తడిగుడ్డ ఇంకా ఉన్నట్టు అప్పుడు గమనించింది, ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నేను యేమనల్ల చిన్నమ్మా ఇప్పుడు?"

"యేమీ అనొద్దు."

"ఆరాధనను ఆపొద్దు. పెట్టనీ." స్తుతి లేచి నిలబడి ముఖం తుడుచుకుంది. "యెవరు పాడినారో నువ్వే చెప్పు. నేను చెప్పను."

వాకిట్లో శామియానా కింద అక్కను చెక్కపెట్టెలో పడుకోబెట్టారు. ఎండ పక్కకు వాలి గుడ్డ కిందికి దూరుతోంది. అయ్యగారు వాక్యం చదివి, ప్రార్థన చేసి, ఆరాధన వైపు చూసి తలవూపాడు. స్పీకరులో ముందు ఆ చిటపటలు వచ్చాయి, ఎవరో ఎండుటాకుల మీద నడుస్తున్నట్టు. తర్వాత గొంతు లేచింది. ఎండిన చెరువులా ఉన్నానయ్యా. ఎన్ని వేల సార్లు విన్నదో లెక్క లేదు, ముల్లు కింద ఆ గీతలు అరిగిపోయేదాకా విన్నది, ఏ చోట ఊపిరి తీసుకుంటుందో, ఏ చోట దగ్గు ఆపుకుంటుందో తెలుసు. కానీ ఇన్నేళ్లూ దాన్ని తన గొంతు అనుకుంటూ, తనదైతే ఎలా ఉండేదో ఊహించుకుంటూ విన్నది. అక్క పాడుతోంది అనుకుని వినడం ఇదే. మొదటి చరణం అయ్యేసరికి బావ వసంతకుమార్ కుర్చీలోంచి ఇటు తిరిగాడు. డెబ్బై దాటిన మనిషి, నిన్నటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

"నీకు ఇంత గొంతు ఉండాదని నాకు తెలీదు మణీ," అన్నాడు.

ఆరాధన కళ్లు తుడుచుకుంటూ అమ్మ చెయ్యి పట్టుకుంది. కృపమణి ఆ చెయ్యి విడిపించుకుంది. "నాది కాదు బావా," అంది. మాట సరిగ్గా బయటికి రాలేదు, మళ్లీ అంది, ఈసారి వాకిట్లో చివరి వరుస దాకా వినపడింది. "నేను పాడలేదు. అది అక్క. ఎస్తేరు పాడింది. నేను అందరికీ అబద్ధం చెప్పినా."

పాట ఆగలేదు, రెండో చరణంలోకి పోయింది. ఆడవాళ్లలో ఎవరో ఏమంది ఏమంది అని పక్కవాళ్లను అడిగారు. ఆరాధన ఫోను వైపు చెయ్యి చాపింది, ఆపడానికో ఎందుకో, స్తుతి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఉండనీ," అంది. ఆరాధన అమ్మ ముఖంలోకి చూసింది, శామ్ కళ్లే ఆ పిల్లవి. ఆ కళ్లలోకి చూడలేక కృపమణి నేల చూసింది. ఆరాధన మెల్లగా నడిచి పోయి స్తుతి పక్కన నిలబడింది. బావ పెట్టెలో ఉన్న భార్యను చూశాడు, స్పీకరును చూశాడు. కుర్చీ చేతులు పట్టుకొని లేచి, కుర్చీని తనే ఈడ్చుకుంటూ వెళ్లి స్పీకరుకు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. తల ఒక వైపుకు వంచి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. మూడో చరణం అయింది, చిటపటలు వచ్చాయి, అవి కూడా ఆగాయి. అయ్యగారు పుస్తకం తెరిచి, మళ్లీ మూశాడు.

"ఇంగోసారి పెట్టమ్మా," అన్నాడు బావ.

ఆరాధన పెట్టింది. కృపమణి ఉన్నచోటే నిలబడి ఉంది. ఖాళీ కుర్చీలు ఉన్నాయి, ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. పాట రెండోసారి అయిపోయేదాకా ఆమె కూడా కూర్చోలేదు.